సుక్కికి ఎంతున్నది?

జానమ్మకు ముప్పై నాలుగేళ్ళు. బీపీ చూసిన ప్రతిసారీ ఆ అంకె ఎంతో మంచం మీదున్న మనిషికి చెప్పడం ఆమె అలవాటు. డాక్టరుకు చెప్తే చాలు, రోగికి చెప్పాలని నర్సు చదువులో ఎక్కడా లేదు. అయినా చెప్పేది. "నూట ఇరవై ఉన్నది పెద్దమ్మా, పరేషాన్ కాకు." "జర తక్కువున్నది తాతా, సెలైన్ పోతే ఎక్కుతది." ఎవరి ఒంట్లోది వాళ్ళకు తెలియకుండా రాసుకుపోవడం ఆమెకు దొంగతనంలాగా అనిపించేది.

తొంభై మూడు ఎండాకాలం. మిర్యాలగూడలో రైసుమిల్లుల వెనక వీధిలో ఉన్న నర్సింగ్ హోంలో పని. మేడ మీది గదికి అద్దాల తలుపు పెట్టించి, ఏసీ బిగించి, బయట ఐసీయూ అని బోర్డు రాయించాడు డాక్టర్ ప్రభంజనరావు. లోపల మూడు మంచాలు. కిటికీ ఎంత గట్టిగా మూసినా ఉప్పుడు బియ్యం ఉడికే పుల్లటి వాసన వచ్చేది. ఊక బూడిద సన్నగా రాలి, పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికల్లా వేలితో పేరు రాసుకోవచ్చు.

కృష్ణ అవతలి నుంచి వచ్చినాయన ప్రభంజనరావు. మంచి డాక్టరే. కాకపోతే పేరు పత్రికలో అచ్చు కావాలని కోరిక. రక్తానికి విషమెక్కి, బీపీ పడిపోయి, ఒంట్లో ఒక్కో భాగం పనిమానుకునే జబ్బును సెప్సిస్ అంటారు. దానికి బొంబాయి కంపెనీ ఒకటి కొత్త ఇంజెక్షన్ తయారుచేసి, పనిచేస్తుందో లేదో చూడమని ఆయనకు పెట్టెలు పంపింది. ఆ పరిశోధనలో చేరిన రోగికి ఇంజెక్షనుతో పాటు మిగతా ఖరీదైన మందులన్నీ ఉచితం. చేరాలంటే రెండే షరతులు. చేతికి చూసిన బీపీ తొంభైకి తక్కువ ఉండాలి. సంతకం ఉండాలి. ఆడమనిషైతే ఆ సంతకం మొగుడిది.

సుక్కిని ఒకరోజు పొద్దున్నే జీపులో తెచ్చారు. నేరేడుచర్ల అవతలి తండా. ముగ్గురు పిల్లల తల్లి, పాతికేళ్ళు కూడా ఉండవు. వారం కింద ఏదో బడిలో పెట్టిన క్యాంపులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, చాపల మీద వరసగా పడుకోబెట్టి, సాయంత్రానికి ఇంటికి పంపారు. ఇప్పుడు కడుపు చెక్కలాగా బిగుసుకుంది. ఒళ్ళు కాలిపోయి కాలిపోయి చల్లబడడం మొదలైంది. మోకాళ్ళ మీద నీలం మరకలు. వెంట తల్లి రంగి, మొగుడు బాల్యా ఉన్నారు.

జానమ్మ బీపీ పట్టీ పట్టుకుని సుక్కి చేయి ఎత్తింది. ఎత్తి, అట్లాగే ఆగిపోయింది.

మణికట్టు నుంచి చంక దాకా తెల్లటి ఎముక గాజులు. రంగి పెళ్ళినాటివి, కూతురికి ఇచ్చింది. మోచేతి పైన వేసుకునేవి మొగుడున్నాడన్నందుకు గుర్తు. మొగుడు పోతేనే తీస్తారు. ఒంట్లో నీరు చేరి చేతులు ఉబ్బాయి. గాజుకూ గాజుకూ నడుమ చర్మం నిగనిగలాడుతూ పైకి పొంగింది. వేలు దూర్చడానికి కూడా సందు లేదు.

"ఇవి కోసి తీయాలయ్యా" అన్నాడు డాక్టరు. "లేకపోతే పట్టీ ఎక్కడ కట్టమంటావు?"

బాల్యా చేతులు జోడించాడు. "అవి నేను సచ్చినంక తీసుడు సారూ. నేను గీడనే ఉన్న గద."

"నువ్వుంటవ్ బాల్యా" అంది రంగి. "అదుండదు."

"మా వదినెవి జాతర్ల పలిగినయ్ అత్తా. నెల తిరగలే, అన్న బాయిల పడ్డడు. యాదికి లేదా?"

"వాడు తాగి పడ్డడు."

బాల్యా ఏడుస్తున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు. అతని భయాన్ని ఎగతాళి చేయడం జానమ్మకు చేతకాలేదు. రంగి ఆమె మోచేయి పట్టుకుని కిందికి వంచి, చెవిలో అంది. "నువ్వు కొయ్యి బిడ్డా. నువ్వు ఆడిదానివి."

జానమ్మ డాక్టరు వైపు చూసింది. డాక్టరు తల అడ్డంగా తిప్పాడు. "వాళ్ళ ఆచారంలో మనం చెయ్యి పెట్టకూడదమ్మా. రేపు తండా తండా వచ్చి మీద పడుతుంది."

ఆడదాని కడుపు కోసినప్పుడు ఎవరికీ గుర్తురాని ఆచారం, గాజుల దగ్గర అందరికీ గుర్తొచ్చింది.

"పిక్కకు కట్టి చూసిన సార్. అరవై కూడ లేదు."

"కాలిది చెల్లదు. కంపెనీ కాగితంలో చెయ్యి అని ఉంది."

"చూస్తేనే తెలుస్తున్నది గద సార్, బీపీ పడిపోయిందని."

"నాకు కనపడట్లేదా జానమ్మా? కనపడటం వేరు, రాయటం వేరు."

"ఆమెనే అడుగుదం."

"సెప్సిస్‌లో మతి నిలకడగా ఉండదు. ఆ మాట ఎట్లా చెల్లుతుంది?"

అయినా జానమ్మ వంగింది. సుక్కి ఊపిరి పుల్లగా, వేడిగా తగిలింది. "సుక్కీ, గాజులు తియ్యాల్నా?"

పెదవులు కదలడానికి చాలాసేపు పట్టింది. "తియ్యి."

ఆ మాట బాల్యా విన్నాడు. డాక్టరు విన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డాక్టరు ఒప్పుకోలు కాగితాన్ని బాల్యా ముందే పెట్టాడు. బాల్యా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకెంతున్నది, సిస్టరమ్మా?" అంది సుక్కి. పొద్దుటి నుంచి పక్క మంచాల వాళ్ళకు చెప్తుంటే విన్నట్టుంది.

జానమ్మ పట్టీని మడిచి మిషను పెట్టెలో పెట్టింది.

ఉన్న మందులు ఎక్కుతున్నాయి. అవి చాలవని ఆ గదిలో అందరికీ తెలుసు. అసలు మందు పక్కగది ఫ్రిజ్‌లో చల్లగా ఉంది. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. ఏసీ ఆగింది. అప్పుడు వినిపించింది, అంతదాకా ఏసీ హోరులో మునిగిపోయిన చప్పుడు. సుక్కి ఊపిరి తీసినప్పుడల్లా గాజులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. గాజు గలగల కాదు. ఎముక మీద ఎముక. పొడిగా. టిక్... టిక్... ఆ తర్వాత ఎక్కువ ఎడంతో... టిక్...

చప్పుడు ఆగినప్పుడు "యాడీ" అని ఎవరో అన్నారు. లంబాడీలో అమ్మా అని. సుక్కి పెదవులు కదల్లేదు. రంగి మాత్రం పలికింది.

గాజులతోనే తీసుకుపోయారు.

ఆ వారంలోనే ఉప్పలయ్య వచ్చాడు. సూర్యాపేట మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ. కాలి పుండు కుళ్ళి ఒళ్ళంతా విషమెక్కింది. మాట తడబడుతోంది, మనుషుల్ని పోల్చుకోవడం లేదు. అయినా వేలిముద్ర ఆయనదే తీసుకున్నారు. మగవాడి మాట సెప్సిస్‌లోనూ చెల్లుతుంది. చెయ్యి బోసిగా ఉంది. పట్టీ కట్టడానికి ఏ అడ్డూ లేదు.

కరెంటు లేని మధ్యాహ్నం. కిందంతా నిద్రలో ఉన్నారు. జానమ్మ పట్టీ చుట్టి, స్టెతస్కోపు చెవులకు పెట్టుకుని, రబ్బరు బుడ్డి నొక్కింది. పాదరసం పైకి పాకింది. మెల్లగా గాలి వదిలింది.

నాడి చప్పుడు రాలేదు.

టిక్...

ఆమె స్టెతస్కోపు తీసేసింది. గదిలో ఏమీ లేదు. ఉప్పలయ్య గురక, బయట మిల్లు ఆగిన నిశ్శబ్దం. మళ్ళీ పెట్టుకుంది. టిక్... టిక్... పొడిగా, దగ్గరగా, రబ్బరు గొట్టం లోపలి నుంచి. ఉడికిన వడ్ల వాసన కాదు ఇప్పుడు. పుల్లటి, వేడి ఊపిరి వాసన.

పట్టీ విప్పి తన చేతికే చుట్టుకుంది. తన చేతిలో తన నాడే వినపడాలి కదా.

టిక్... టిక్...

ఆ చప్పుడు నడుమ, ఎవరో చెవిలో పెదవులు పెట్టినట్టు...

"నాకెంతున్నది, సిస్టరమ్మా?"

జానమ్మ మెట్లు దిగిన సంగతి ఆమెకే గుర్తులేదు. డాక్టరును నిద్రలేపి తీసుకొచ్చింది. "నాకు వినొస్తలేదు సార్, మీరు సూడుండ్రి" అని మాత్రం అంది.

ఆయన విసుక్కుంటూ కూర్చుని ఉప్పలయ్య చేతికి పట్టీ కట్టి, స్టెతస్కోపు పెట్టుకున్నాడు. బుడ్డి నొక్కాడు. తర్వాత కదల్లేదు. గాలంతా పోయింది. పాదరసం అడుగుకు దిగింది. ఆయన ఇంకా వింటూనే ఉన్నాడు. నుదుటి మీద చెమట, చెవి పక్కనుంచి చొక్కా కాలరు మీదికి. కింది పెదవి ఒకసారి కదిలింది, ఎవరికో జవాబు చెప్పబోయినట్టు.

"వంద బై అరవై" అన్నాడు. పాదరసం వైపు చూడనే లేదు.

"తక్కువుంటది సార్. మళ్ళొకసారి..."

"వంద బై అరవై అన్నాను కదా." గొంతు పైకి రాలేదు. "పరిశోధనలోకి రాడు. సెలైన్ పోనీ."

తలుపు దాకా నడిచాడు. మెట్ల మీద మాత్రం పరిగెత్తాడు.

ఫ్రిజ్ తాళం ఆయన జేబులోనే ఉంది. జానమ్మ సెలైన్ వేగం పెంచింది, తడిగుడ్డ వేసింది, చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఉప్పలయ్య తెల్లారకముందే పోయాడు. ఆనాటి నుంచి డాక్టరు స్టెతస్కోపు మెడలో వేసుకునేవాడు గాని, ఆయన దాన్ని చెవులకు పెట్టుకోగా ఎవరూ చూడలేదు.

ఉప్పలయ్య పోయిన మరునాడు సాయంత్రం. మూడు మంచాలూ ఖాళీ. బీపీ మిషను కింది గదిలో పెట్టమంటే జానమ్మ పైకి వచ్చింది. కిటికీలోంచి ఎర్రటి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఊక బూడిద ఆ వెలుగులో తేలుతోంది.

మిషను మూత తెరిచి ఉంది. పట్టీ సుక్కి పడుకున్న మంచం మీద ఉంది. పరిచి లేదు. చుట్టి ఉంది. గుండ్రంగా, నిటారుగా, లోపల చెయ్యి ఉన్నట్టు.

బుడ్డి ఎవరూ నొక్కలేదు. పాదరసం ఎక్కింది.

పారిపోవాలని ఉంది. చేతులు మాత్రం ఎన్నేళ్ళుగానో చేసే పనే చేశాయి. స్టెతస్కోపు చెవులకు పెట్టుకుని, రెండో కొసను పట్టీ అంచున ఆనించాయి. పాదరసం దిగుతోంది. వంద... ఎనభై... అరవై... ఏమీ లేదు. ఇంకా కిందికి...

టిక్.

జానమ్మ మంచం మీదికి వంగింది. "నలభై, సుక్కీ" అంది. "నలభై ఉన్నది."

పాదరసం పూర్తిగా అడుగుకు దిగిపోయింది.

"గింతేనా..."

పట్టీ మెత్తగా, నెమ్మదిగా కుంగిపోయింది. లోపలిది వెళ్ళిపోయినట్టు. జానమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. లోపలి గుడ్డ మీద వరసగా గాజుల నొక్కులు. వాటి మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది.

అయిపోయిందనుకుంది. స్టెతస్కోపు తీయబోయింది.

"నాకు చూడలేదేంటమ్మా?"

సుక్కి గొంతు కాదు. పెద్దామె. మాట కోదాడ వైపుది. రెండో మంచం దగ్గర నుంచి.

"మరి నాకు?" ఇంకొకామె. ఇది చిన్నపిల్ల గొంతులాగా ఉంది. మూడో మంచం.

ఆ క్యాంపులో ఎంతమందిని పడుకోబెట్టారో జానమ్మకు ఎవరూ చెప్పలేదు. అద్దాల తలుపు అవతల, మెట్ల మీద, వట్టి పాదాల చప్పుడు పైకి వస్తోంది. ఒక్కరిది కాదు. తొందర లేదు వాళ్ళకు... ఒకరి వెనక ఒకరు... వరసలో నిలబడ్డట్టు...

చేతిలో పట్టీ తనంతట తాను బిగుసుకోవడం మొదలుపెట్టింది.

ఆ నెలలోనే జానమ్మ కోదాడలో వేరే దవాఖానలో చేరింది. తొలిరోజే మంచం మీదున్న ఒకామె చేతి గాజులు కోసింది. ఆమె మొగుణ్ణి అడగలేదు.