లోపల హ్యాండిల్ లేని తలుపు

మా ఓడల యార్డులో డ్రాయింగుల గదికి కాపలా నేనే. ఆ మధ్యాహ్నం టీ తాగి, అణుశక్తి సబ్‌మెరైన్ల పాత డ్రాయింగులు దులుపుతున్నాను. మేం వెనకాల 'సంతకాలరావు' అని పిలుచుకునే చీఫ్ డిజైనర్ వచ్చి, పంపుల గది తలుపు డ్రాయింగు అడిగాడు. జీవితంలో ఒక్క బోల్టు బిగించిన మనిషి కాదు. సంతకం మాత్రం జానెడు పొడుగు.

మరమ్మతుకొచ్చిన సబ్‌మెరైన్‌లో ఆ తలుపు బీటలిచ్చింది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అందుకని అదే డిజైన్‌తో ముందు కట్టి, ఇప్పుడు తుక్కుకి పోతున్న సబ్‌మెరైన్ నుంచి తలుపు ఊడదీసి దీనికి బిగించారు.

"సార్, మొదటి డ్రాయింగులో రెండు వైపులా హ్యాండిల్ ఉంది. మూడో సవరణలో లోపలిది తీసేశారు," అన్నాను.

"నేనే తీశాను. నాలుగు కిలోల బరువు తగ్గింది," అన్నాడు మురిసిపోతూ. కాకిపిల్ల కాకికి ముద్దు.

ఆ తుక్కు సబ్‌మెరైన్‌లోకి నీళ్లు చొరబడ్డ రోజు, తెరవలేక ఈ తలుపు వెనకే ఓ మెకానిక్ చచ్చిపోయాడు. ఇప్పుడు దీన్ని బిగించిన ఫిట్టర్, యార్డంతా 'బాబాయ్' అని పిలిచే మనిషి, అతని సొంత అన్న.

బాబాయ్‌తో కలిసి ముగ్గురం సబ్‌మెరైన్‌లోకి దిగాం. డాక్‌లో నీళ్లు తోడేసి మూడు నెలలైంది. పైన ఎండ మండుతోంది. కింద రెండు బల్బుల వెలుతురు. నూనె, తుప్పు, పాత రబ్బరు వాసన.

"సార్, లోపల హ్యాండిల్ పెట్టేస్తాను. ఒక్కరోజు పని," అన్నాడు బాబాయ్.

"నీ తమ్ముడు కంగారుపడి చచ్చాడయ్యా. తలుపేం చేస్తుంది?" అంటూ సంతకాలరావు రబ్బరు అంచు చూడ్డానికి లోపలికెళ్లాడు.

తలుపు మూసుకుంది. మేమెవరం ముట్టుకోలేదు.

హ్యాండిల్ తిప్పాం. కదల్లేదు. లోపల్నుంచి దబదబా బాదుడు... ఆగింది. తర్వాత నీళ్ల చప్పుడు. బిందె నిండేకొద్దీ చప్పుడు సన్నబడుతుంది చూడండి... అలా సన్నబడుతోంది.

బాబాయ్ ఉక్కుకి చెంప ఆనించాడు.

"తమ్ముడూ..." గుసగుసగా అన్నాడు. "వదిలెయ్యరా. వీడి పాపం నీకెందుకు?"

హ్యాండిల్ దానంతటదే తిరిగింది.

నేల పొడిగా ఉంది. సంతకాలరావు మాత్రం నిలువునా తడిసి, మునివేళ్ల మీద నిక్కి, మూతి పైకప్పుకి ఆనించి ఉన్నాడు.

"ఎవరో... నన్ను ఎత్తి పట్టుకున్నారు," అన్నాడు. "'గాలి పైన ఉంది సార్, మూతి పైకి పెట్టండి' అని చెవిలో చెప్పాడు."

బాబాయ్ తలుపుని అరచేత్తో నిమిరాడు. "వాడంతే. చిన్నప్పట్నుంచీ వాడంతే."

వారం తిరక్కుండా లోపలి హ్యాండిల్‌తో కొత్త డ్రాయింగు వచ్చింది. 'నా సొంత ఆలోచన' అని రాసి, కింద జానెడు సంతకం. చచ్చి కూడా తన ప్రాణం కాపాడినవాడికి దక్కాల్సిన పేరు కొట్టేసే రకం! ఉమ్మేయలేక ఫైల్లో పెట్టాను.

నిన్న పంపుల గదిలోంచి పెయింటర్ పిలిచాడు. "అన్నా, ఈ గది పైకప్పుకి రంగు పట్టట్లేదు. ఓసారి చూడు."

అద్దం మీద ఊపిరి వదిలినట్టు, ఉక్కు మీద అరచేయంత ఆవిరి మచ్చ. తుడిచాను. మళ్లీ వచ్చింది. మేం చూస్తుండగానే చిన్నదైంది... పెద్దదైంది... చిన్నదైంది...