బేబి చూసిన చుక్క

ఆదివారం పొద్దున స్వర్ణ వాకిట్లో టార్పాలిన్ పరిచి కాఫీ పళ్లు ఆరబోస్తోంది. కొండ మీద మంచు ఇంకా విడలేదు. భర్త ఫల్గుణ నిన్న అరకు నుంచి తెచ్చిన పొడవాటి అట్టపెట్టెను అరుగు మీద పెట్టి విప్పుతున్నాడు. టూరిస్టులను జీపులో తిప్పే పని అతనిది.

"ఏటిది?" అంది స్వర్ణ.

"టెలిస్కోపు. చందమామ దగ్గరగా కనబడతాడు. మన బేబి కోసం తెప్పించాను."

స్వర్ణ చేతిలో చేట ఆగిపోయింది.

బేబికి పదమూడేళ్లు. చిన్నప్పటి నుంచీ పొద్దు వాలితే గడపలు తన్నుకునేది. రేచీకటి అనుకుని ఆకుకూరలు తినిపించారు. మొన్న దసరా సెలవుల్లో విశాఖపట్నం తీసుకెళితే, కంటి డాక్టరు పిల్లను బయట కూర్చోబెట్టి అసలు మాట చెప్పాడు. ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు, చూపు అంచుల నుంచి మెల్లగా మూసుకొస్తుంది, ఆపే మందు లేదు అన్నాడు. ఆ సంగతి ఇంట్లో ఎత్తకూడదని స్వర్ణ ఆ రోజే భర్త చేత ఒట్టు వేయించుకుంది. అప్పటి నుంచి పై ఊరి నాటువైద్యుడి దగ్గర ఆకులు తెచ్చి, నూరి, పిల్ల కళ్లకు కట్టు కడుతోంది.

"దాన్ని తీసి అటక మీద పడెయ్," అంది స్వర్ణ.

"ఎందుకు?"

"ఇవాళ చూపించి రేపేటి సేత్తావు? కనబడనప్పుడు తలుచుకుని తలుచుకుని ఏడవమంటావా?"

"ఏదీ చూడకుండానే చూపు పోతే బాగుంటాదా?"

"పోతాదని ఎవరన్నారు? ఆ డాక్టరేమన్నా దేవుడా? నా పిల్లకి నయమైపోతాది!"

"అవదు స్వర్ణా. నీకూ తెలుసు, నాకూ తెలుసు. దానికే తెలీదు, పాపం."

"నాకూ తెలుసు నాన్నా."

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. కుళాయి దగ్గరి నుంచి వచ్చిన బేబి నీళ్ల బిందె చంకన పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"విశాఖపట్నం నుంచి వచ్చేటప్పుడు బస్సులో మీరిద్దరూ ఏడ్చుకున్నారు కదా. నేను నిద్రపోలేదు. అన్నీ విన్నాను." బిందె దించి పెట్టె వైపు వంగింది. "దీంతో నిజంగా చందమామ కనబడతాడా?"

స్వర్ణ చేట అక్కడే వదిలేసింది. లోపలికి వెళ్లి పొయ్యి ముందు కూలబడింది. చోడి అంబలి కాచింది కానీ తాను ముట్టలేదు. పగలంతా కూతురి మొహం చూడలేకపోయింది.

పొద్దుగూకాక వాకిట్లో తండ్రీకూతుళ్ల మాటలు వినబడ్డాయి. ఫల్గుణ ఎంత తిప్పినా గొట్టంలో చీకటే. చివరికి మూత తియ్యలేదని బేబి తడిమి కనిపెట్టింది. ఆ నవ్వులకు స్వర్ణ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

సగం చందమామ కొండ మీద ఉన్నాడు. బేబి కన్ను ఆనించి కెవ్వుమంది.

"నాన్నా! అన్నీ గుంటలే!"

"మా ఇంట్లో ఒక్క ఆడగుంటకే ఇంత గోల. అక్కడ అన్ని గుంటలా!"

తర్వాత అతను గొట్టాన్ని ఓ పెద్ద చుక్క మీదికి తిప్పి, కూతురి తల పట్టుకుని సరిచేశాడు. బేబి చాలాసేపు కదల్లేదు.

"నాన్నా, చుక్కంటే ఇదేనా?"

"ఇదే."

"ఇలాగా వణుకుతాదా?"

స్వర్ణ మెట్టు దిగి వచ్చింది. "అదేటే అలాగంటావు? చలిమంట కాడ నేను పిల్లలకోడి చుక్కల్ని చూపించలేదా? ఎండాకాలం మంచంకోళ్ల చుక్కలు చూపించలేదా? అన్నీ కనబడ్డాయన్నావు."

బేబి గొట్టం వదలకుండానే చెప్పింది. "నువ్వెటు చూడమంటే అటు తల తిప్పేదాన్నమ్మా. చుక్కలెలాగుంటాయో నాకు తెలీదు. కనబడలేదంటే నీ గొంతు ఎలాగో అయిపోతాది. అందుకని..."

స్వర్ణ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. డాక్టరు చెప్పకముందే, ఎన్నో ఏళ్ల ముందే, ఆ పసిది తన చీకటిని తల్లికి తెలియకుండా ఒంటరిగా మోసింది. పిల్లకు తెలియకూడదని తాను దాచింది. తల్లి తట్టుకోలేదని పిల్ల దాచింది. ఒకే చాప మీద పడుకుని ఇద్దరూ ఎవరి ఏడుపు వాళ్లు మింగుకున్నారు.

"ఇంకెప్పుడూ నాకోసం అబద్ధమాడకే," అంది వెక్కిళ్ల మధ్య. "కనబడకపోతే కనబడలేదని సెప్పు. నేనేడుస్తాను. ఏడవనీ. అయినా నాకు సెప్పు."

"అమ్మా, ఎక్కడున్నావు?" బేబి చేతులు చాచి గాలిలో వెతికింది.

స్వర్ణ లేచి ఆ చేతులు పట్టుకుని గుండెకు హత్తుకుంది. ఫల్గుణ అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

కాసేపటికి బేబి తేరుకుని, "చుక్క గొట్టంలోంచి జారిపోతాదమ్మా, ఇంకోసారి చూస్తాను," అంది. ఈసారి స్వర్ణే కూతురి గడ్డం పట్టుకుని కంటిని గొట్టానికి ఆనించింది.

"కనబడిందా?"

బేబి అలవాటు కొద్దీ తల ఊపబోయి ఆగింది. అమ్మ చెయ్యిని గట్టిగా పట్టుకుంది.

"లేదమ్మా," అంది.