ఊపిరికి ముప్పై పోగులు

బహుధాన్య సంవత్సరం, మాఘమాసం; ఇంగ్లీషు లెక్కలో 1939. ధర్మవరంలో ఆ రోజూ ఎప్పటిలాగే తెల్లవారింది. తిమ్మక్క వాకిట్లో కళ్ళాపి చల్లి లోపలికొచ్చేసరికి కోడలు నీలావతి గోడకానుకుని, కూర్చునే నిద్రపోతోంది. నెల రోజులుగా ఇదే వరస. చాప మీద పడుకోమంటే పడుకోదు. లేచిందగ్గర్నుంచీ తల దిమ్ముగా ఉందంటుంది. పొయ్యి ఊదమంటే ఊదుగొట్టం తెచ్చి అత్త చేతికే ఇస్తుంది.

రెండేళ్ళ కిందట నీలావతికి కాళ్ళలో, తర్వాత భుజాల్లో సత్తువ తగ్గసాగింది. హిందూపురం డాక్టరు చూసి కండరాల జబ్బన్నాడు, మందు లేదన్నాడు. "ఊపిరి తక్కువైతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి" అని రెండుసార్లు చెప్పాడు. అప్పట్నుంచీ తిమ్మక్క చెవులు రిక్కించుకునే ఉంది, కోడలు ఎప్పుడు రొప్పుతుందోనని. నీలావతి రొప్పలేదు. బాగానే ఉంది, ఒళ్ళు వంచడం లేదంతే అనుకుంది తిమ్మక్క. కొన్నాళ్ళు కోప్పడింది. ఈ మధ్య కోపం కూడా రావడం మానేసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, మనసులో ఏమీ లేదు.

నిలబడి చేసే పనులు పోయాక కోడలికి మిగిలింది పట్టుపోగులు ఏరి, మగ్గం మీద నిలువుగా పరిచే పడుగుకు కట్టలు కట్టడం. ఆ ఇంట్లో దానికి అంకెలు లెక్కపెట్టరు. ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పుతుందని తిమ్మక్క అత్తగారు పెట్టిన పద్ధతి అది. నిండుగా ఊపిరి పీల్చి, 'మ్‌' అని సన్నగా రాగం తీస్తూ పోగులు తియ్యాలి. రాగం ఆగినచోట ఎర్రదారంతో ముడి వెయ్యాలి. చెయ్యి కుదిరిన మనిషికి ఊపిరికి ముప్పై పోగులు. నూరు ముడులైతే చీరకు పడుగు సిద్ధం. ఆ తర్వాత ముడులు చూస్తారే గాని పోగులు ఎవరూ చూడరు.

"అమ్మా!" అని మగ్గం దగ్గర్నుంచి కొడుకు శ్రీనివాసులు కేకేశాడు. "నూరు ముడులూ ఉండాయి. పడుగు మాత్రం చాలలేదు. మూడో వంతు పోగులు యాడికి పోయినాయి?"

తిమ్మక్క కోడలి ముందుకొచ్చి నిలబడింది. "ఏమే నీలా, మొన్న మీ అక్క పెనుకొండ నుంచి వచ్చిపోయింది గదా. పట్టు ఆమె కొంగున కట్టి పంపినావా?"

"లేదత్తా..." నీలావతి ఆగింది. "నేను..." మళ్ళీ ఆగింది. "తియ్యలేదు."

"తప్పు చేసినోళ్ళకే మాట తడబడేది!"

"ఊరుకోమ్మా, ఆమె అట్లాంటిది కాదు" అన్నాడు శ్రీనివాసులు.

"కాకపోతే లెక్క చూద్దాం పా" అంటూ తిమ్మక్క మగ్గం పక్కన కూర్చుంది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆ ఇంట్లో పోగులు లెక్కపెట్టారు. దీపావళికి వేసిన మొదటి ముడిలో ముప్పై. ఇరవయ్యో ముడిలో ఇరవై ఏడు. యాభయ్యో దాంట్లో ఇరవై రెండు. నిన్న వేసిన చివరి ముడిలో పదకొండు.

దొంగిలించేవాళ్ళు ఇంత వరసగా తగ్గిస్తూ తియ్యరు. తిమ్మక్క చేతిలో పట్టు అలాగే ఉండిపోయింది. అప్పుడు కూడా ఏడుపు రాలేదు. మెల్లగా లేచి కోడలి పొట్ట మీద చెయ్యి పెట్టింది.

"ఏదీ, ఒకసారి రాగం తియ్యి."

'మ్‌' అని మొదలై వెంటనే ఆగిపోయింది. మళ్ళీ ఊపిరి పీల్చేటప్పుడు పొంగాల్సిన పొట్ట లోపలికి పోయింది. రొప్పు మాత్రం లేదు.

"రేయ్, టేషనుకు బండి కట్టించు. హిందూపురం పోవాల."

రైలు పెనుకొండలో ఆగినప్పుడు తిమ్మక్క కొండవైపు చూడలేక తల దించుకుంది. ఆ ఊళ్ళో ఉన్న కోడలి అక్కకు దొంగతనం అంటగట్టింది పొద్దున్నే కదా.

డాక్టరు నీలావతిని పరీక్షించి, వెల్లకిలా పడుకోబెట్టొద్దన్నాడు. "మద్రాసులో ఊపిరాడించే యంత్రం ఉందని విన్నాను. ఉత్తరం రాసిస్తాను, ఈ సాయంత్రమే బయల్దేరండి. జబ్బు నయం కాదు. కానీ ఊపిరికి తోడు దొరికితే మనిషి నిలుస్తుంది. ఇంకో నెల ఆగుంటే ఆ మాట చెప్పలేకపోయేవాణ్ణి."

"రొప్పలేదు సామీ! రొప్పుతుందేమోనని కాచుకొని ఉండా."

"రొప్పడానికైనా బలం కావాలి కదమ్మా. అదే పోతోంది. కూర్చుని నిద్రపోవడం, పొద్దున తల దిమ్ము, తుంచి తుంచి మాట్లాడటం, ఇవే గుర్తులు. అవునూ, మీరెట్లా కనిపెట్టారు?"

తిమ్మక్క కొంగుముడి విప్పి ఎర్రదారం కట్టిన పదకొండు పోగులు చూపించింది. "ఊపిరికి ముప్పై తీసేది సామీ. నిన్న ఇన్నే."

స్టేషన్లో కోడల్ని తన భుజానికి ఆనించి కూర్చోబెట్టుకుంది. శ్రీనివాసులు టిక్కెట్లకు వెళ్ళాడు. అప్పుడు వచ్చింది ఏడుపు, నెలల తరబడి ఎక్కడ దాగిందో గాని ఒక్కసారిగా వచ్చింది.

"నిన్ను దొంగ అన్నాను గదే తల్లీ. నూరుసార్లు చెప్పినావు నువ్వు, ముడి ముడికీ చెప్పినావు. నేనే చూళ్ళేదు."

"నాకూ... తెలీలేదత్తా." నీలావతి ఊపిరి తీసుకుంది. "పడుగు... పాడైపోయె గదా."

తిమ్మక్క ఆ పదకొండు పోగుల్నీ కోడలి చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసింది.

"ఏం పాడు కాలేదులే. ఇంక నీకు పదకొండే వస్తే పదకొండే తియ్యి. తక్కిన పందొమ్మిదీ నేను తీస్తా."