మామగారి బాణం

నెండో దీవిలో రేవు పక్కనున్న మ్యూజియం కొట్టుకి చెడ్డ పేరుంది. చీకటి పడ్డాక, తడికల సందుల్లోంచి చూస్తే లోపల ఒక దీపం నేలమీద పాకుతుందట. మనిషి ఉండడు... దీపమొక్కటే. అందుకని రాత్రిపూట చేపలకెళ్ళేవాళ్ళు మొలలోతు నీళ్ళలో దిగి చుట్టూ తిరిగిపోయేవాళ్ళు. నాలాంటి ధైర్యవంతులు మిట్టమధ్యాహ్నం కూడా నీళ్ళలోంచే వెళ్ళేవాళ్ళు.

కాపలా ముసలి మెలాబుది. అతనికి దెయ్యాలంటే భయం లేదు — భయపడే ఓపిక లేదు. మోకాళ్ళు అరిగిపోయాయి. కంటినిండా నిద్రపోయి మూడేళ్ళయింది.

ఆ రోజు చీకటి పడే వేళకి, కొట్టు బయటున్న మెలాబు దగ్గరికి మ్యూజియం గుమాస్తా ఇరోఫాలు వచ్చాడు. మలైటా దీవి మనిషి, ఇక్కడికి కొత్త. చంకలో పొడుగాటి పెట్టె ఉంది.

"బాబాయ్, ఆ ఎముక బాణం ఇందులో పెట్టు. పొద్దున్నే ఓడెక్కించి రాజధానికి పంపేస్తున్నా."

"ఎందుకు బాబూ?"

"ఇంకా ఎందుకేమిటి! నిన్న రాత్రి నా కళ్ళారా చూశాను. ఇక అది ఇక్కడుండటానికి వీల్లేదు."

మెలాబు పెట్టె అందుకున్నాడు. ఎరుపు, తెలుపు రంగులతో, సన్నటి నారకట్లతో గోడకున్న ఆ బాణం మొన మామూలు ఎముక కాదు. అతని భార్య ఇనెపో తండ్రిది. ఆయన పోయాక కొడుకులే కాలి ఎముక తీసి చెక్కారు. మూడేళ్ళ క్రితం దాన్ని ఈ కొట్టుకి ఇచ్చిన రోజే ఇనెపో చెప్పేసింది — "మా నాన్నని నీకప్పగించాను. పోగొట్టావో, ఇంటికి రాకు."

నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ అన్నమాట తప్పలేదు. అదే వచ్చిన చిక్కు.

మెలాబు పెట్టె మూత తీసి చూశాడు. మామగారు ఓడెక్కితే... ఈ కొట్టులో నిటారుగా నడవొచ్చు. కాళ్ళు బారజాపుకుని పడుకోవచ్చు. కానీ తెల్లారాక వెళ్ళడానికి ఇల్లుండదు.

మూత వేసేశాడు.

"ఆ పాకే దీపం... నేనే," అన్నాడు గొంతు తగ్గించి.

మెలాబు పెట్టె కింద పెట్టాడు.

"మామగారి ముందు అల్లుడు నిలబడి నడుస్తాడా? ఎముకైనా మామగారు మామగారేగా! రాత్రికి నాలుగుసార్లు కొట్టంతా చూసిరావాలి. ఆయనున్న గోడ దగ్గరికి చేరగానే లాంతరు ముందుకి తోసుకుంటూ పాకుతాను. ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి. అందరూ పరిగెత్తేవాళ్ళే గానీ అడిగినవాడేడీ?"

కాయలు కాసిన మోకాళ్ళు చూపించాడు. ఇరోఫాలు నవ్వుతాడనుకున్నాడు.

నవ్వలేదు.

"పాకేది నువ్వేనని నిన్నే గుర్తుపట్టాను బాబాయ్," అన్నాడు మెల్లిగా. "నేను పెట్టె తెచ్చింది దానికి కాదు."

"మరి?"

"నీ వెనకాలే... చెయ్యి గోడకి ఆనించుకుని... ఒంటికాలిమీద గెంతుతూ వచ్చినాయన ఎవరు?"

మెలాబు నోరు తెరిచాడు. మూశాడు. మామగారి పేరు అల్లుడి నోట రాకూడదు.

కొట్టు గుమ్మంకేసి చూశాడు. చూసి, మోకాళ్ళమీదికి దిగాడు.

"పెట్టె పట్టుకుపో బాబూ," అన్నాడు, అలిసిన గొంతుతో.

"మామగారు రారట."