వాన పడితే ఫోన్ చేయండి

హరిచరణ్ బెంగాలీ మాట్లాడలేక చెమటలు కక్కుతున్నాడు.

"కాకూ, జొల్ ఎఖానే... బొషే ఆఛే. మానే... జాచ్చే నా."

నీళ్ళు ఇక్కడ కూర్చున్నాయట, పోవట్లేదట. అది చెప్పడానికి నోటితో పాటు రెండు చేతులూ వాడాల్సి వచ్చింది. గేటు నుంచి ఇంటి మెట్ల దాకా నల్లటి తారు దారి. మెట్ల ముందు చీలమండ లోతు నీళ్ళు. ఆ నీళ్ళలో బూట్లతో హరిచరణ్. ఎదురుగా ఇంటి యజమాని రఘురాం గారు గొడుగు పట్టుకుని, గడగడా బెంగాలీలోనే జవాబు చెబుతున్నారు.

రఘురాం గారు పుట్టింది కలకత్తా పక్కన లిలువా రైల్వే క్వార్టర్స్‌లో. అక్కడి వర్క్‌షాప్‌లోనే పనిచేసి రిటైరై, సంత్రాగాఛిలో ఈ ఇల్లు కట్టుకున్నారు. హరిచరణ్‌ది వరంగల్. కలకత్తా వచ్చి ఏడాది కూడా కాలేదు. ఇళ్ళ ముందు తారు దారులు పోసే ఒక చిన్న కంపెనీలో ఇంజనీరు.

ఎదుటివాడు తెలుగువాడని ఇద్దరిలో ఎవరికీ తెలీదు. తెలిసిన మనిషి ఒక్కతే, వరండాలో టీ కప్పుతో నిలబడి వినోదం చూస్తోంది. రఘురాం గారి అమ్మాయి మౌక్తిక.

ఆమెకెలా తెలుసంటే, అంతకుముందే ఆ కుర్రాడు గేటు బయట నిలబడి ఫోన్‌లో ఎవరితోనో అన్నాడు: "ఈ దారి పోసినోడు వాలు చూసే రసమట్టం ఇంట్ల మర్చిపోయిండు బై. కళ్ళు గూడ ఇంట్లనే మర్చిపోయిండు."

ఆ ముక్క విన్నది కాబట్టే మౌక్తిక అతన్ని బెంగాలీలో కాసేపు ఈదనిచ్చింది. టీ అయిపోయాక మెట్లు దిగింది.

"దాదా, ఇందాక ఫోన్లో ఏదో అన్నారు కదా. రసమట్టం ఎవరో మర్చిపోయారని. అది మా నాన్నకి కూడా చెప్పండి."

హరిచరణ్ మొహంలో రంగు మారింది. "మీరు... తెలుగా?"

"కాదు, చైనా."

"నువ్వు తెలుగోడివా బాబూ?" రఘురాం గారు గొడుగు పక్కకి వంచి చూశారు. "మరి ఇందాకట్నుంచీ నాకీ బెంగాలీ ఏటి?"

"అంటే అంకుల్... ఈ దారి పోయించింది..."

"నేనే. పక్కన కుర్చీ ఏసుకుని, కూకుని మరీ పోయించాను."

మౌక్తిక నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. అప్పుడే లోపలి నుంచి "ఎవురొచ్చారే?" అంటూ ఆమె తల్లి భానుమతి గుమ్మం దాకా వచ్చారు. చేతుల కింద వాకర్. వానలు మొదలైన కొత్తల్లోనే ఆ నీళ్ళ అడుగున పట్టిన పాచి మీద జారి, తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారావిడ. ఆపరేషనయ్యాక గుమ్మం దాటింది లేదు.

హరిచరణ్ వాకర్ వైపు చూశాడు, కాళ్ళ కింద పాచి వైపు చూశాడు. ఇక జోకులు వేయలేదు.

"పాత తారు మీదనే కొత్త తారు పోసిన్రు అంకుల్. ఎత్తు పెరిగింది, వాలు తిరగబడ్డది. బయటికి పోవాల్సిన నీళ్ళు ఇంటి దిక్కు వస్తున్నయ్."

"అయితే రేపే మొదలెట్టు."

"వానల్ల తారు పోస్తే అతుక్కోదు. పొడిరోజులు రావాలె. కానీ నీళ్ళు యాడాడ నిలుస్తున్నయో చూసుడు మాత్రం వానల్లనే కావాలె." మౌక్తిక వైపు తిరిగాడు. "వాన పడితే ఫోన్ చేయండి. వాన ఆగినంక నీళ్ళ అంచు పట్టుకొని సుద్దముక్కతోని గీత గీయండి. నేనొచ్చి కొల్సుకుంట."

"సుద్దముక్క కూడా మేమే కొనాలా దాదా?"

మర్నాడు సుద్దముక్కల డబ్బా ఇచ్చి వెళ్ళాడు. రోషం గల మనిషే.

మొదటి ఫోన్ రెండు రోజులకే వచ్చింది.

"దాదా, వాన."

"మంచిగ పడుతుందా?"

"పడుతోంది. మీరు ఇక్కడ కూర్చుని ఉంటే మీకూ తెలిసేది."

మౌక్తిక ఆఫీసు కలకత్తా సెక్టర్ ఫైవ్‌లో. వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని. వాన వెలిసాక పంజాబీ డ్రెస్ అంచులు ఎత్తిపట్టుకుని, వంగి, నీటి అంచు వెంబడి గీత గీసింది. సాయంత్రం హరిచరణ్ టేపు పట్టుకుని వచ్చాడు.

"ఇదేంది, ఆస్ట్రేలియా మ్యాపు లెక్క ఉంది?"

"మీరు అడిగింది గీత. అందంగా గీయమనలేదు."

కొలుస్తుండగానే మళ్ళీ వాన కొట్టింది. గీత చెరిగిపోయింది. ఇద్దరూ వరండాలోకి పరుగెత్తారు. మళ్ళీ వాన, మళ్ళీ ఫోన్, మళ్ళీ గీత, మళ్ళీ టేపు. బెంగాల్ వానలకి పని చెప్పాలా? శ్రావణమంతా అదే వరస.

తర్వాత తర్వాత తుంపర్లకి కూడా ఫోన్ రావడం మొదలైంది.

"ఈ చినుకులకి నీళ్ళు నిలుస్తయా మేడం?"

"నిలవవా? నాకేటి తెలుసు, ఇంజనీరు మీరు కదా."

అతనూ రాకుండా ఉండేవాడు కాదు. బారాసత్ సైటులో ఉన్నా సరే, రెండు బస్సులు మారి వచ్చేవాడు. నిజానికి కావలసిన కొలతలన్నీ మొదటి నాలుగైదు సార్లలోనే అయిపోయాయి. అయినా కొలిచిందే కొలిచేవాడు.

"దారేటి పెరుగుతాదా బాబూ," అన్నారు రఘురాం గారు ఒకరోజు, "వారం వారం కొలుస్తన్నావు?"

హరిచరణ్ టేపు చుట్టేసి, మంచినీళ్ళు అడిగాడు.

ఈ మధ్యలో ఎక్కడో 'దాదా' ఊడిపోయింది. ఒకరోజు ఫోన్ ఎత్తితే "వాన" అంది మౌక్తిక, అంతే. వెనక అన్నయ్య లేడు. హరిచరణ్ గమనించాడు. అడగలేదు. అడిగితే మళ్ళీ తగిలిస్తుందేమోనని భయం.

మౌక్తిక పరిస్థితీ ఏమంత బాగాలేదు. ఆఫీసు నుంచి వస్తూ బస్సు కిటికీలోంచి ఆకాశం చూసేది. మబ్బు కనబడితే గుండె తేలికయ్యేది. ఎండ కాస్తే చిరాకు. ఇంటికొచ్చేసరికి భానుమతి గారు కిటికీ దగ్గర కూర్చుని, మెట్ల ముందున్న నీళ్ళని చూస్తూ ఉండేవారు.

"మళ్ళీ మబ్బేసింది కదే. ఇంకెన్నాళ్ళు నాకీ జైలు?"

ఆ మాట వినగానే మౌక్తికకి సిగ్గేసేది. తల్లి ఏ వాన ఆగాలని మొక్కుకుంటోందో, తను ఆ వానే కావాలని కోరుకుంటోంది. తప్పని తెలుసు. తెలిసినా, రాత్రి రేకు మీద చినుకు చప్పుడైతే లేచి కూర్చునేది. అతను కావాలి ఆమెకి. వానతో పని లేదు. కానీ వాన రాకుండా అతన్ని పిలవడం ఎలాగో తెలీలేదు.

దసరా పూజలు దగ్గరపడ్డాయి. వీధి చివర పందిరికి వెదుళ్ళు కట్టడం మొదలైంది. ఎండలు కాశాయి.

హరిచరణ్ మనుషులతో దిగాడు. పై పొర గీకించేశాడు. దారం కట్టి, రసమట్టం పెట్టి, వాలు ఇంటి నుంచి బయటికి తిప్పాడు. మెట్ల ముందు అడ్డంగా సన్నటి కాలవ తవ్వించి, మీద ఇనప జాలీ వేయించాడు. అక్కడ పడ్డ నీళ్ళు గొట్టంలోంచి పక్క సందులో పల్లంగా ఉన్న మురిక్కాలవలోకి పోతాయి. తర్వాత వేడి తారు, దాని మీద రోలరు.

మౌక్తిక టీలు తెచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా ఉండడానికి చాలా కష్టపడ్డారు.

చివర్లో రోలరు తోలే వెంకటేశు ఒక మూల కాలితో తట్టాడు. ఖరగ్‌పూర్ తెలుగు మనిషి.

"సార్, ఇక్కడ కాస్త పల్లం ఉన్నట్టుంది. కనబడదులెండి. వదిలేద్దామా?"

హరిచరణ్ ఆ మూల చూశాడు. అరచేతి మందాన నీళ్ళు నిలుస్తాయి అక్కడ. నీళ్ళు నిలిస్తే ఫోన్ వస్తుంది. ఫోన్ వస్తే రావచ్చు. వదిలేయమనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. తలెత్తితే కిటికీలో భానుమతి గారు, కొత్త దారి వైపు ఆశగా చూస్తూ కనబడ్డారు.

"గీకి మళ్ళ పొయ్యి," అన్నాడు.

సాయంత్రం సామాన్లు లారీ ఎక్కాక మౌక్తిక దగ్గరికి వచ్చాడు.

"వచ్చే శుక్రవారం రూర్కెలా పోతున్న. అక్కడ కాలనీ రోడ్ల పని. ఏడాది పడ్తది."

"మంచిదే కదా."

"మంచిదే."

ఇంకేదో అనబోయాడు. ఈలోగా రఘురాం గారు సందేశ్ మిఠాయి డబ్బాతో వచ్చి, సాయంత్రం బండి సంత్రాగాఛిలోనే ఎక్కొచ్చని, ఇటువైపు సీటు మంచిదని రైల్వే పాఠం మొదలెట్టారు. హరిచరణ్ డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు. మౌక్తిక ఆ రాత్రి అన్నం కెలికి లేచింది.

శుక్రవారం పొద్దుట్నుంచీ వాన. మామూలు వాన కాదు, ఆకాశానికి చిల్లుపడ్డట్టు. వీధి నిండిపోయింది.

మౌక్తిక గొడుగేసుకుని గేటు నుంచి మెట్ల దాకా, మెట్ల నుంచి గేటు దాకా నడిచింది. వెతికింది. చారెడు నీళ్ళు ఎక్కడైనా నిలిచాయేమోనని మూలమూలా చూసింది. పడ్డ నీళ్ళు పడ్డట్టే కొన్ని గేటు బయటికి, కొన్ని జాలీలోకి జారిపోతున్నాయి. ఇంత బాగా ఎవరు చేయమన్నారు ఈ మనిషిని? కోపమొచ్చింది. కోపంతో పాటు ఏడుపూ వచ్చింది.

వెనక చప్పుడైతే తిరిగి చూసింది. భానుమతి గారు చేతికర్రతో మెట్లు దిగుతున్నారు, వెనక రఘురాం గారు గొడుగు పట్టుకుని.

"అమ్మా! ఆగు, జారతావు!"

"ఉండవే, పట్టుకోకు."

ఒక్కో అడుగూ వేసుకుంటూ దారి మధ్య దాకా వచ్చి నిలబడ్డారావిడ. పాదంతో నేలని రుద్ది చూశారు. "జారట్లేదే," అని నవ్వి, కళ్ళు తుడుచుకున్నారు. "ఆ కుర్రోడికి సెప్పావా?"

"ఏటని చెప్పను? నీళ్ళు నిలిస్తేనే కదా ఫోన్ చేయాలి."

భానుమతి గారు కూతురి మొహం చూశారు. తల్లికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఈ రోజే కదా బండి? మరి ఇక్కడేటి సేస్తన్నావు?"

"ఈ వానలో టోటో రిక్షా ఎక్కడ దొరుకుతాది దానికి?" అన్నారు రఘురాం గారు.

"నడిసెల్తాది. దానికి కాళ్ళు బాగానే ఉన్నాయి."

రఘురాం గారు భార్యని చూశారు, కూతుర్ని చూశారు. "బజారు వైపు ఎల్లకు, మోకాలి లోతుంటాది. రైలు గేటు సందులోంచి ఎల్లు," అన్నారు.

అయినా మోకాలి లోతు తప్పలేదు. మౌక్తిక స్టేషన్ చేరేసరికి నడుం దాకా తడిసింది, ఒక చెప్పు తెగింది. ప్లాట్‌ఫారం మీద సంచీ పక్కన కూర్చున్న హరిచరణ్ ఆమెని చూసి అదిరిపడి లేచాడు.

"ఏమైంది? నీళ్ళు నిలిచినయా? ఆంటీ పడ్డరా?"

"లేదు. అమ్మ దారి మధ్యలో నిలబడి నవ్వుతోంది. చుక్క కూడా నిలవలేదు."

"మరి?"

"అదే నా కంప్లైంట్."

హరిచరణ్ బిత్తరపోయి చూశాడు. మౌక్తికకి ఊపిరి అందట్లేదు. సగం పరుగు వల్ల, సగం భయం వల్ల.

"ఇదివరకు వాన పడితే మీరొచ్చేవారు. ఇప్పుడు ఒక్క వానే వస్తోంది. నాకది వద్దు. మీరు కావాలి."

రైలు వస్తోందని మైకు బెంగాలీలో, హిందీలో చెప్పింది.

"ఒక మూల పల్లం వదిలేద్దామనుకున్న," అన్నాడు హరిచరణ్. "మీరు ఫోన్ చేస్తరని. మీ అమ్మ కనబడ్డది. చేతులు రాలేదు."

"వదిలి ఉంటే మళ్ళీ మొహం చూసేదాన్ని కాదు."

"తెలుసు. గందుకే ఇంకా ఎక్కువ బాధైంది."

రైలు వచ్చి ఆగింది. జనం తోసుకుంటున్నారు. హరిచరణ్ సంచీ భుజానికెత్తుకున్నాడు, కదల్లేదు.

"పని మీద వచ్చినప్పుడు ధైర్యంగ వచ్చిన. ఇప్పుడు ఊరికే వస్తే మీ నాన్న ఎందుకొచ్చినవంటరు. ఏం చెప్పాలె?"

"నా కోసం వచ్చానని చెప్పండి."

"ఒప్పుకుంటరా?"

"ఏ సందులోంచి వస్తే మిమ్మల్ని తొందరగా అందుకుంటానో చెప్పి పంపింది ఆయనే."

హరిచరణ్ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుతోనే బండెక్కాడు. బండి కదిలాక తలుపు దగ్గర నిలబడి ఏదో అరిచాడు. వాన హోరులో ఒక్క ముక్కా వినబడలేదు.

మౌక్తిక తడి చేతుల్తో ఫోన్ తీసింది.

"ఏటన్నారు?"

"దశమికి వస్తున్నా అని చెప్పిన. మీ ఇంట్ల నేనే అడుగుత."

"రా," అంది మౌక్తిక. "పొద్దున్న మొదటి బండికే రా. నేను స్టేషన్‌కి వస్తాను."

ఫోన్ పెట్టలేదు ఎవరూ. రైలు ఉలుబేరియా దాటి సిగ్నల్ పోయేదాకా ఆమె ప్లాట్‌ఫారం మీదే నిలబడి మాట్లాడుతూ ఉంది.