తల దించుకోకూడని మనిషి

"కండ్లు కనవడ్తలేవా? ఏడికెల్లి జొర్రినవ్?" అని అరిచాడు జైపాల్.

మేడ్చల్ చౌరస్తాలో అతను షేర్ ఆటో మలుపు తిప్పుతుంటే పక్క నుంచి వస్తున్న స్కూటీకి తగిలింది. నడిపే అమ్మాయి కింద పడింది, మోచెయ్యి గీసుకుపోయింది.

"నేను సక్కగనే వస్తున్న. మీరే సూడకుంట తిప్పిన్రు."

ఆటో స్టాండు పెద్ద ఎంకయ్య, మిగతా డ్రైవర్లు అందరూ జైపాల్ పక్కనే నిలబడ్డారు. ఆ అమ్మాయి వాళ్లను ఒకసారి చూసి, "సారీ అన్నా" అనేసి, మోచేతికి చున్నీ చుట్టుకుని వెళ్లిపోయింది. జైపాల్ ఆ పూట ఒక చాయ్ ఎక్కువే తాగాడు. గెలిచాడుగా మరి.

నెల తిరక్కుండా ఆటో ఇంకో రెండుసార్లు గీసుకుపోయింది. చూపు మందగించిందనుకుని కళ్లద్దాల షాపుకు వెళితే, పరీక్ష చేసే కుర్చీ పక్కన ఆ అమ్మాయే నిలబడి ఉంది. అక్కడ కళ్లు పరీక్ష చేసేది ఆమే. పేరు సరళ, ఊరు షామీర్‌పేట. వచ్చిన దారినే పారిపోదామనుకున్నాడు.

సరళ ఆ ఊసే ఎత్తలేదు. ఎదురుగా కూర్చుని రెండు చేతులూ పక్కలకు చాపింది. "నా ముక్కు దిక్కే సూడున్రి. ఎన్ని వేళ్లు?"

"వేళ్లు ఏడున్నయ్?"

ఆమె ముఖంలో నవ్వు పోయింది. "గిది అద్దాలతోని అయ్యేది కాదు. రేపే పెద్ద దవాఖానకు పోన్రి. అప్పటిదాంక ఆటో ముట్టకున్రి."

ముక్కు వెనక, మెదడు కింద గడ్డ ఉందని స్కానింగ్‌లో తేలింది. అది కంటి నరాలను నొక్కడంతో రెండు పక్కలా చూపు పోయింది. డాక్టరు అది చెబుతుంటే జైపాల్ మనసు గడ్డ మీద లేదు, చున్నీ చుట్టిన మోచేతి మీద ఉంది.

తల కోయకుండా, ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి గడ్డ తీశారు. "నెల వరకు వంగొద్దు, బరువులెత్తొద్దు. ముక్కులోంచి నీళ్లు కారితే ఆ పూటే రావాలి" అని చెప్పి పంపారు.

చూపు తిరిగొచ్చిందని, షాపు చీటీ మీదున్న నంబరుకు సరళకు ఫోన్ చేశాడు. ఇక రోజూ మాటలే. ఆ ఒక్క సారీ తప్ప అన్నీ మాట్లాడాడు.

ఆదివారం అతని ఊరు అత్వెల్లికి, చూడటానికి వస్తానంది. ఇంకేముంది, ఆటో మెరవాలని, రెండు రోజుల ముందే, తల్లి యాదవ్వ ఇంట్లో లేని సమయం చూసి బకెట్లు మోసి, వంగి వంగి కడిగాడు మహానుభావుడు. సాయంత్రానికల్లా ముక్కులోంచి నీళ్లు మొదలయ్యాయి. చేసిన ఘనకార్యం చెప్పుకోలేక జలుబన్నాడు.

సరళ జామపండ్లతో వచ్చింది. జైపాల్ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంది, పెండ్లిపిల్ల లెక్క మొకం దాస్తున్నవ్?"

"జలుబు."

యాదవ్వ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. జైపాల్ గుండె చిక్కబట్టుకున్నాడు. "సరళా, ఆ దినం చౌరస్తా కాడ..." అంటూ తల దించాడు. ముక్కు కొసనున్న బొట్టు జారి, ఆమె చేతి మీద పడింది.

సిగ్గుతో చచ్చిపోయాడు. సరళ మాత్రం చెయ్యి తుడుచుకోకుండా ఆ నీటినే చూసింది.

"ఎప్పటిసంది?"

"మొన్నటిసంది."

"గిది జలుబు కాదు. మెదడు సుట్టూ ఉండే నీళ్లు. పానం మీదికొస్తది. లే, జల్దీ."

పెద్ద దవాఖానలో మళ్లీ ముక్కులోంచే గొట్టం పంపి, నీళ్లు కారుతున్న చిల్లిని మూశారు. తల కింద ఎత్తు పెట్టి, కదలకుండా వెల్లకిలా పడుకోమన్నారు. మూడో రోజు సరళ వచ్చి మంచం పక్కన కూర్చుంది. తల దించుకునే వీలు లేదు. ఆమె కళ్లలోకి చూస్తూనే చెప్పాల్సి వచ్చింది.

"తప్పు నాదే. స్కానింగ్ అయిననాడే ఎరుకైంది. నీతోని సారీ చెప్పించుకున్న, నేనైతే చెప్పలే. మస్తు సిగ్గయితాంది."

"షాపుల వేళ్లు సూపెట్టిననాడే నాకు తెల్సింది."

"మరి అడగకపోతివి?"

"అడిగి చెప్పించుకునే సారీ నాకెందుకు?"

ఆ మాట సూటిగా తగిలింది. జైపాల్ ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి ఎంకయ్యతో మాట్లాడాడు. "ఎంకన్నా, ఆ పిల్ల తప్పేం లేకుండె. నాకే కనవడలే. స్టాండ్ల అందరికి చెప్పు. లేచినంక నేను గూడ చెప్త."

"మనం గుంపుగట్టి పిల్లతోని మాఫీ అడిగిపిస్తిమి గదరా" అన్నాడు ఎంకయ్య నెమ్మదిగా.

సరళ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. "స్టాండు సరే. షామీర్‌పేటకు ఎప్పుడొస్తవ్?"

"ఆటో నడపనీకి ఇంకో నెల..."

"ఆటోల ఎవరు రమ్మన్నరు? మీ అమ్మను తోలుకొని బస్సుల రా. మా నాయిన ఆదివారం ఇంట్లనే ఉంటడు."

ముఖం దాచుకోవడానికి జైపాల్ చెయ్యి తువ్వాలు కోసం పోయింది. సరళ దాన్ని ముందే తీసి తన ఒళ్లో పెట్టుకుంది.