తొమ్మిదింటి సెకను

ఆరో ఏజెంటు శవం రైల్వే ప్లాట్‌ఫాం బెంచీ మీద, పేపరు చదువుతున్న భంగిమలో దొరికింది. రహస్య సందేశంలో మన డిపార్ట్‌మెంట్ అతనికి చెప్పిన బెంచీ అదే. మనవాళ్లకంటే ముందు శత్రువులు చేరారు.

"ఇంక మిగిలింది ఒక్కరే," అన్నాడు చీఫ్, ఫైలు మూస్తూ. "సరిహద్దు అవతల మీ చెల్లెలు. ఏ ఇంట్లో దాక్కోవాలో చెప్తూ పదకొండింటికి సిస్టమ్ దానంతటదే ఆమెకి మెసేజ్ పంపుతుంది. వాళ్లు అదీ చదివారంటే అంతే సంగతులు."

"మెసేజ్ ఆపేయండి సార్."

"ఆపితే ఉన్నచోటే దొరికిపోతుంది. మధ్యాహ్నం ఆ వీధంతా సోదా చేస్తారు. ముందు లీకు ఎక్కడో కనిపెట్టు."

ఏజెంట్ ఉడుము లేచాడు. పట్టు పడితే వదలడని ఆ పేరు. ఈ పూట పట్టుకోవడానికి అతనికేమీ కనబడలేదు.

పది నలభైఐదుకి ఏసీ మెకానిక్ వేషంలో, స్క్రూడ్రైవర్ పిడిలో మత్తుసూదితో, రహస్య సందేశాలకి తాళంలా పనిచేసే కీలు తయారయ్యే కీ రూమ్‌లో అడుగుపెట్టాడు. లోపల ఇద్దరు. కళ్ల కింద నల్లచారలతో ప్రోగ్రామర్. అతని పక్కన నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫ్‌తో సెక్యూరిటీ ఆడిటర్. ఆమె నవ్వితే చీఫ్ కూడా చదవకుండా సంతకం పెడతాడని ఆఫీసంతా అనుకుంటుంది.

గోడ మీద అట్టముక్క: "మెషీన్ సరిగ్గా తొమ్మిదికి ఆన్ చేయాలి. ఒక్క సెకను కూడా తేడా రాకూడదు."

"ఇదెవరు పెట్టించారు?"

"మేడమే. ఆర్నెల్లుగా ఒక్కరోజు తప్పలేదు," అన్నాడు ప్రోగ్రామర్ గర్వంగా. "అయినా ఏసీ చూసేవాడివి, నీకెందుకయ్యా?"

ఉడుము ఐడీ కార్డు చూపించాడు. ప్రోగ్రామర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మెసేజ్‌కి కీ ఎలా పుడుతుంది?"

"ప్రతిసారీ ర్యాండమ్ నంబర్‌తో కొత్త కీ అండీ. దాన్ని మన ఏజెంటు మాత్రమే తెరవగల కవర్లో పెట్టి పంపుతాం."

"ఆ నంబర్ దేన్నిబట్టి వస్తుంది?"

"మెషీన్ ఆన్ అయినప్పుడు గడియారంలో ఉన్న సెకన్నిబట్టి. టెస్టింగ్‌కి సులువని అప్పట్లో అలా..."

చెప్తుంటేనే అతనికి వెలిగింది. ఒకే సెకనుతో మొదలుపెడితే అవే నంబర్లు అదే వరసలో వస్తాయి. ఆ ప్రోగ్రాం చేజిక్కినవాడు ఇవాళ్టి తేదీ, తొమ్మిదింటి సెకను వేసి తిప్పితే చాలు, మన కీ అతని దగ్గరా తయారవుతుంది. కవరు జోలికి పోనక్కర్లేదు.

"ఆరుగురినీ నేనే చంపానండీ," అన్నాడు ప్రోగ్రామర్.

ఉడుము కాదనలేదు. ఓదార్చే ఓపిక అతనికి లేదు.

"కీబోర్డు ముట్టుకోకండి." ఆడిటర్ చేతిలో పిస్టల్.

"ఒక్క లైను మారిస్తే చాలు," ప్రోగ్రామర్ గొణిగాడు. "గడియారాన్ని కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగాలి. చిప్‌లో విద్యుత్తు తడబాట్లు, పరికరాల సిగ్నళ్ల మధ్య సన్నటి తేడాలు అన్నీ కలిపి ముప్పైరెండు బైట్లు ఇస్తుంది. ఎవరి ఊహకీ అందవు. మొదట్నుంచీ అదే రాయాల్సింది."

"రాయలేదుగా," నవ్విందామె. "మీ కోడ్ చూసిన రోజే నా పని సగం అయిపోయింది."

పది యాభైతొమ్మిది.

ఉడుము స్క్రూడ్రైవర్ పిడి నొక్కాడు. సూది ఆమె మణికట్టులో దిగింది. పిస్టల్ పేలింది. గుండు అతని భుజాన్ని చీల్చుకుంటూ పోయింది.

"రాయవయ్యా!"

ప్రోగ్రామర్ కీబోర్డు అందుకున్నాడు. మొదటిసారి ఎర్రర్. చెరిపి మళ్లీ కొట్టాడు. స్క్రీన్ మీద మూడు, రెండు... ఎంటర్. మెసేజ్ కొత్త కీతో వెళ్లింది.

నలభై నిమిషాల తర్వాత చెల్లెలి దగ్గర్నుంచి ఒకే మాట వచ్చింది: "చేరాను."

ఉడుముకి ఏడుపొచ్చింది. అది సంతోషం మాత్రం కాదు. ఆరిళ్ల తలుపులు తట్టి, ఒక్క లైను ఆలస్యమైందని ఎవరు చెప్తారు?

మత్తు దిగుతుంటే, బేడీల్లో ఉన్న ఆడిటర్ తలెత్తింది. "ఓడిపోయాను కదా. ఇవాళ్టి కీ ఏంటో చెప్తే పోయేదేముంది?"

"మాకే తెలీదు మేడమ్," అన్నాడు ఉడుము. "ఆర్నెల్లలో ఈ గది సరిగ్గా పనిచేసింది ఇవాళే."